అద్దె తగ్గితే దారి పెరుగుతుంది: హైదరాబాద్‌లో ఏ ఏరియాలో ఉండాలన్న లెక్క

కంపెనీలు ముందు "వారానికి మూడు రోజులు రండి" అని, తర్వాత "ఐదు రోజులూ రండి" అని మెయిల్స్ పెట్టడం మొదలయ్యాక, ఊళ్ళో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచిన చాలామంది మళ్ళీ హైదరాబాద్‌లో టు-లెట్ బోర్డుల కింద నిలబడుతున్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు ఎలాగూ ఉన్నారు. వీళ్ళు ఎవర్ని అడిగినా రెండు సలహాలే వినిపిస్తాయి. సీనియర్ ఒకాయన "ఆఫీసు పక్కనే తీసుకో, ట్రాఫిక్‌లో చావకు" అంటాడు. బాబాయి కొడుకు "మెట్రో ఉందిగా, నాగోల్లో తీసుకో, అద్దె బాగా తక్కువ" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి పరిస్థితిలో వాళ్ళ మాట నిజం. చిక్కంతా ఎక్కడంటే, అద్దెనీ ప్రయాణాన్నీ రెండు వేర్వేరు ఖర్చులుగా మాట్లాడుకుంటాం. నిజానికి అది ఒకటే బిల్లు. కొంత ఓనరుకు కడతాం, కొంత దారికి కడతాం, దారికి కట్టేదాంట్లో సగం డబ్బుగా కాక టైముగా పోతుంది కాబట్టి కనపడదు.

పడమటికి వెళ్ళేకొద్దీ అద్దె ఎందుకు పెరుగుతుంది

దీనికి అర్థశాస్త్రంలో పాత వివరణ ఒకటి ఉంది. 1964లో విలియం అలోన్సో అనే అమెరికన్ ఆర్థికవేత్త చెప్పిన దాని సారాంశం ఇది: ఉద్యోగాలున్న చోటికి దగ్గరగా ఉండటానికి జనం పోటీపడి ఎక్కువ ఇస్తారు, దూరం పెరిగేకొద్దీ పోటీ పల్చబడి అద్దె దిగుతుంది. అంటే దూరంగా ఉన్న ఇల్లు చవగ్గా దొరకడం మన అదృష్టమేమీ కాదు, మనం రోజూ చేయబోయే ప్రయాణానికి మార్కెట్ ముందుగానే ఇచ్చిన తగ్గింపు. ఆ తగ్గింపు మనకు సరిపోతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఈ సిద్ధాంతంలో ఉద్యోగాలన్నీ నగరం నడిమధ్యలో ఉంటాయి. హైదరాబాద్‌లో అలా లేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత ఐటీ ఉద్యోగాలు హైటెక్ సిటీ, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, ఇప్పుడు కోకాపేట దాకా పడమటి అంచుకే జరుగుతూ పోయాయి. అందుకే కోఠికి, సికింద్రాబాద్‌కు దగ్గర్లో ఉండి, బజారు, ఆసుపత్రి, బస్టాండు అన్నీ అందుబాటులో ఉన్న పాత కాలనీల కంటే, నిన్నమొన్నటి దాకా బండరాళ్ళున్న చోట అద్దె ఎక్కువ. పొద్దున రద్దీలో పెద్ద భాగం తూర్పు నుంచి పడమటికి, సాయంత్రం దానికి తిరుగు.

ఇంకో మెలిక. ఇన్ఫోసిస్‌కు గచ్చిబౌలిలో ఒక క్యాంపస్, ఘట్‌కేసర్ దగ్గర పోచారంలో ఇంకో క్యాంపస్ ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే హైదరాబాద్, కానీ రెండూ నగరానికి చెరో కొసన. పోచారం వెళ్ళేవాళ్ళకు ఉప్పల్ దగ్గర, కొండాపూర్ దూరం. మిగతావాళ్ళు ఇచ్చే సలహాలన్నీ వాళ్ళకు తలకిందులవుతాయి. ఆఫర్ లెటర్‌లో ఊరి పేరు ఉంటే చాలదు, ఏ బిల్డింగో తెలిసేదాకా ఈ లెక్క మొదలే కాదు.

కొండాపూరా, నాగోలా: ఒక లెక్క వేసి చూస్తే

ఒకమ్మాయి ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో ఉందనుకుందాం. మెట్రో ఛార్జీ తప్ప కింది అంకెలన్నీ లెక్క కోసం అనుకున్నవే, ఎవరి అంకెలు వాళ్ళు వేసుకోవచ్చు.

పడమటి వైపున, ఆఫీసుకు దగ్గర్లో ఉన్న కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూం షేరింగ్‌లో ఆమె వాటా, మెయింటెనెన్స్‌తో కలిపి, 14,000 రూపాయలు. స్కూటీకి రోజుకు 50 రూపాయల పెట్రోలు, నెలకు 22 రోజులకు 1,100. మొత్తం 15,100. ఒకవైపు ప్రయాణం 30 నిమిషాలు.

నగరానికి తూర్పు వైపున్న నాగోల్‌లో అలాంటి ఇంట్లోనే వాటా 8,000. నాగోల్ నుంచి రాయదుర్గం అంటే బ్లూ లైన్ ఈ చివరి నుంచి ఆ చివరికి. 2025 మే నెలలో ఛార్జీలు పెంచి, తర్వాత కొంచెం తగ్గించాక గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు అయింది. పోను రాను 138, 22 రోజులకు 3,036. ఇంటి నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి ఆఫీసుకు ఆటోలకు రోజుకు 60 చొప్పున 1,320. మొత్తం 12,356. గుమ్మం నుంచి గుమ్మానికి ఒకవైపు 80 నిమిషాలు.

అద్దెలో తేడా 6,000 కనిపించింది, బిల్లులో చూస్తే మిగిలింది 2,744. దానికోసం నెలకు అదనంగా దారిలో గడిపింది రోజుకు 100 నిమిషాలు, అంటే 36 గంటలపైన. భాగించి చూస్తే గంటకు సుమారు 75 రూపాయలు. నాగోల్లో ఉండటమంటే తన ఖాళీ టైమును గంటకు 75 రూపాయల చొప్పున అమ్ముకోవడం అన్నమాట. ఆ నెలలో లేటయి నాలుగుసార్లు క్యాబ్‌లో రావాల్సి వచ్చి, ఒక్కోసారి 500 అయిందనుకుంటే, మిగిలేది 744.

ఇప్పుడు అదే అమ్మాయి, అవే రెండు ఇళ్ళు, కానీ ఆఫీసు వారానికి మూడు రోజులే. నెలకు 13 రోజులు. కొండాపూర్ బిల్లు 14,650. నాగోల్ బిల్లు 8,000కు మెట్రో 1,794, ఆటోలు 780 కలిపి 10,574. మిగిలింది 4,076, అదనంగా పోయింది 22 గంటల లోపు. గంటకు 188 రూపాయలు. ఇల్లు మారలేదు, ఆఫీసు మారలేదు, హెచ్‌ఆర్ పంపిన ఒక్క మెయిల్‌తో దూరపు ఇంటి విలువ రెండున్నర రెట్లయింది. మూడు రోజుల ఆఫీసును నమ్మి దూరంగా తీసుకున్నవాళ్ళకు ఐదు రోజుల మెయిల్ రాగానే అంత టెన్షన్ ఎందుకో దీన్నిబట్టే తెలుస్తుంది.

గంటకు 75 ఎక్కువా తక్కువా అన్నదాంట్లో మాత్రం అందరూ ఒక మాట మీద లేరు. కొందరు జీతంతో పోలుస్తారు: నెలకు 40,000 వచ్చేవాళ్ళకు పని గంట విలువ 220 రూపాయలపైనే, దాన్ని 75కు అమ్ముకోవడమేంటి అంటారు. దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే. దారిలో పోకుండా మిగిలిన గంటకు ఎవరూ జీతం ఇవ్వరు, ఆ గంటలో ఫోన్ చూస్తూ కూర్చునేవాళ్ళకు దాని విలువ సున్నా, ఇంటికి పంపాల్సిన 2,700 మాత్రం నిజమైన డబ్బు. 2008లో బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టట్జర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ డేటా చూసి, దూరం నుంచి వచ్చేవాళ్ళు మంచి జీతమో చవక ఇల్లో దొరికినా తక్కువ సంతృప్తిగానే ఉన్నారని తేల్చారు. మనుషులు ఇంటి అద్దెను సరిగ్గానే లెక్కేస్తారు, రోజూ ప్రయాణం పెట్టే విసుగును తక్కువ అంచనా వేస్తారు అని దానికి ఒక వివరణ. వేరే దేశాల డేటాతో తర్వాత వచ్చిన అధ్యయనాల్లో కొన్నిటికి అంత గట్టి సంబంధం కనపడలేదు. నాకైతే ఫ్రై, స్టట్జర్‌ల మాటే బెంగళూరు, హైదరాబాద్ ట్రాఫిక్‌కు దగ్గరగా అనిపిస్తుంది, కానీ అది నా అభిప్రాయం.

దారిలో గంటలన్నీ ఒకలాంటివి కావు

పై లెక్కలో ఒక దొంగతనం ఉంది. స్కూటీ మీద అరగంటనీ మెట్రోలో కూర్చున్న అరగంటనీ ఒకే గాటన కట్టేశాం.

నాగోల్ మొదటి స్టేషన్, రాయదుర్గం చివరి స్టేషన్. పొద్దున నాగోల్లో ఎక్కితే సీటు దొరికే అవకాశం ఎక్కువ, సాయంత్రం రాయదుర్గంలో ఎక్కినా అంతే, మధ్యలో ఎక్కడా మారక్కర్లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోయేవాళ్ళు, పరీక్షలకు చదువుకునేవాళ్ళు ఈ బ్యాచే. అదే అమీర్‌పేటలో ఉండేవాళ్ళకు రాయదుర్గం చాలా దగ్గర, కానీ మూడు బోగీల రైలు అప్పటికే నిండి వస్తుంది, రెడ్ లైన్ (మియాపూర్-ఎల్బీనగర్ మెట్రో) దిగినవాళ్ళంతా అక్కడే ఎక్కుతారు. ఇరవై నిమిషాలే అయినా ఒంటికాలి మీద.

మియాపూర్ కథ ఇంకా తమాషా. మ్యాప్‌లో చూస్తే హఫీజ్‌పేట, కొత్తగూడ మీదుగా రాయదుర్గానికి పది, పన్నెండు కిలోమీటర్లే. కానీ మెట్రో ఎక్కితే రెడ్ లైన్‌లో అమీర్‌పేట దాకా నగరం లోపలికి వెళ్ళి, అక్కడ దిగి, మెట్లెక్కి, బ్లూ లైన్ పట్టుకుని మళ్ళీ పడమటికి రావాలి. దూరం దాదాపు రెట్టింపు. "మియాపూర్‌లో మెట్రో ఉంది, రాయదుర్గంలో మెట్రో ఉంది" అన్న రెండు నిజాలు కలిపితే ఒక పనికిరాని సలహా తయారవుతుంది. మియాపూర్‌లో ఉండి అటు వెళ్ళేవాళ్ళలో చాలామంది బైకో, బస్సో, క్యాబ్ షేరింగో చూసుకునేది ఇందుకే. అదే మియాపూర్ వాసికి ఆఫీసు నాంపల్లిలోనో లక్డీకాపూల్‌లోనో ఉంటే రెడ్ లైన్ తిన్నగా తీసుకెళ్తుంది.

కాబట్టి కిలోమీటర్ల కంటే ముందు అడగాల్సింది ఎన్నిసార్లు దిగి ఎక్కాలి అని. ప్రతి మార్పు దగ్గరా ఎదురుచూపు ఉంటుంది, ఆ ఎదురుచూపు రోజూ ఒకేలా ఉండదు.

రోజూ ఒకేలా ఉండకపోవడం అన్నది దగ్గరివాళ్ళకూ వర్తిస్తుంది. కొండాపూర్ అమ్మాయికి మామూలు రోజు 30 నిమిషాలు, నిజమే. గట్టి వాన పడిన సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గరా, ఐకియా దగ్గరా నీళ్ళు నిలిస్తే అదే దారి గంట దాటొచ్చు. మెట్రో ఆ రోజు కూడా దాదాపు అదే టైముకు నాగోల్ చేరుతుంది, ప్లాట్‌ఫాం మీద జనం మాత్రం రెట్టింపు. సగటు చూస్తే కొండాపూర్ నెగ్గుతుంది, చెడ్డరోజు చూస్తే తేడా బాగా తగ్గిపోతుంది. పొద్దున తొమ్మిదింటికి లాగిన్ కాకపోతే జీతం కోసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు సగటు కంటే చెడ్డరోజునే చూసుకోవడంలో అర్థం ఉంది.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసేవాళ్ళకు ఇంకో ముడి. మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఇంకా కొన్ని కిలోమీటర్లు బస్సులోనో, షేర్ ఆటోలోనో, బైక్ ట్యాక్సీ మీదో వెళ్ళాలి. కొన్ని కంపెనీలు స్టేషన్ నుంచి షటిల్ నడుపుతాయి, అది ఉంటే నాగోల్ సలహా బతుకుతుంది, లేకపోతే రోజుకు రెండుసార్లు ఆ చివరి ముక్కే డబ్బునూ ఓపికనూ తినేస్తుంది. మణికొండ, నార్సింగి, పుప్పాలగూడ వైపు అద్దెకు అంత గిరాకీ ఉండటానికి కారణం ఇదే, అక్కణ్ణుంచి బైక్ మీద వెళ్ళిపోవచ్చు. నైట్ షిఫ్ట్ వాళ్ళకైతే అర్ధరాత్రి దాటాక మెట్రో ఉండనే ఉండదు, వాళ్ళ లెక్కంతా కంపెనీ క్యాబ్ ఏ ఏరియా దాకా వస్తుందన్న దాని మీదే.

ప్రకటనలో రాసే ఏరియా పేరు, అసలు ఇల్లు ఉండే వీధి

"కేపీహెచ్‌బీ దగ్గర" అన్న ప్రకటనలో ఇల్లు నిజాంపేట లోపలో, ప్రగతినగర్‌లోనో ఉండొచ్చు. అక్కణ్ణుంచి మెట్రో స్టేషన్‌కు రావడమే ఒక ప్రయాణం, పొద్దున తొమ్మిదింటికి జేఎన్‌టీయూ సిగ్నల్ దాటడం ఇంకో ప్రయాణం. "హైటెక్ సిటీకి 10 నిమిషాలు" అని రాసినవాళ్ళు ఆదివారం ఉదయం ఆరింటికి కొలిచి ఉంటారని నాకో అనుమానం.

హైటెక్ సిటీ పేరుతో ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ ఒకటి, మెట్రో స్టేషన్ ఒకటి ఉన్నాయి. కొత్తవాళ్ళు రెండూ పక్కపక్కనే ఉంటాయనుకుంటారు. ఉండవు. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ టికెట్ మెట్రోతో పోలిస్తే చాలా చవక, లింగంపల్లి, బేగంపేట, సికింద్రాబాద్ లైన్ పక్కన ఉండేవాళ్ళకు నిజంగా పనికొస్తుంది. కానీ మెట్రోలాగా ఐదు పది నిమిషాలకొకటి రాదు. రైలు టైముకు మన ఆఫీసు టైము కుదిరితేనే అది చవక, కుదరకపోతే తప్పిపోయిన రైలు బదులు ఎక్కిన క్యాబ్ ఆ నెల మిగులు మొత్తాన్నీ పట్టుకుపోతుంది.

జీతంలో 30 శాతం అన్న నియమం ఎక్కడిది

అద్దె జీతంలో 30 శాతం దాటకూడదని అందరూ చెబుతారు. ఇది అమెరికా ప్రభుత్వ గృహాల నుంచి వచ్చిన అంకె. అక్కడ ప్రభుత్వ ఇళ్ళలో ఉండే పేదల అద్దె ఆదాయంలో 25 శాతం మించకూడదని 1969లో పెట్టారు, 1981లో 30 చేశారు. పెళ్ళికాని పాతికేళ్ళ ఉద్యోగి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఎంత కట్టాలో చెప్పడానికి పుట్టింది కాదు. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ వాళ్ళు అద్దెనూ రవాణానూ కలిపి చూడాలని, రెండూ కలిసి 45 శాతం లోపు ఉండాలని వాదిస్తారు. ఆలోచనగా ఇది మెరుగైనదే, మనం పైన వేసిన లెక్క కూడా ఆ దారిదే. అయితే ఊళ్ళో అప్పు తీరుస్తున్నవాళ్ళకు 45 శాతం పెద్ద అంకె, తల్లిదండ్రులు డబ్బు అడగనివాళ్ళకు అదేమంత సమస్య కాదు. ఎక్కువ అద్దె కడితే పన్ను తగ్గుతుందిలే అనే మాట కూడా జాగ్రత్తగా వినాలి, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు లేదు.

కావాల్సిన ఇల్లు వేరు, ఇచ్చే ఇల్లు వేరు

ఇప్పటిదాకా ఏ ఏరియాలో కావాలంటే ఆ ఏరియాలో ఇల్లు దొరుకుతుందన్నట్టు మాట్లాడుకున్నాం. బ్యాచిలర్స్ ఎవర్నడిగినా నవ్వుతారు. "ఫ్యామిలీస్‌కే ఇస్తాం", "నాన్‌వెజ్ వండకూడదు", "ఫ్రెండ్స్ రాకూడదు", ఇవి బోర్డు మీదే ఉంటాయి. కులం, మతం అడిగే ఓనర్లు బోర్డు మీద రాయరు, ఫోన్‌లో అడుగుతారు. ఓనర్లకు వాళ్ళ వాదన ఉంది: కుర్రాళ్ళు ఆరు నెలలకోసారి మారతారు, కింది వాటావాళ్ళు రాత్రి గోల అని ఫిర్యాదు చేస్తారు. ఎవరి మాట ఎలా ఉన్నా ఫలితం ఒకటే, మ్యాప్ మీద పది ఏరియాలు ఉన్నా నిజంగా తలుపు తెరిచేవి మూడో నాలుగో. అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్, మాదాపూర్ అయ్యప్ప సొసైటీ లాంటి చోట్ల హాస్టళ్ళు అన్ని ఉండటానికి ఇదొక కారణం. తిండితో కలిపి బెడ్‌కు ఇంత, నెల ముందు చెప్పి వెళ్ళిపోవచ్చు, ప్రశ్నలు తక్కువ.

అమ్మాయిలకు లెక్క ఇంకొంచెం మారుతుంది. మెట్రో దిగాక ఇంటికి నడిచే ఆ ఐదు వందల మీటర్లలో రాత్రి తొమ్మిదింటికి షాపులు తెరిచి ఉంటాయా, వీధి దీపాలు వెలుగుతాయా అన్నది అద్దెలో వెయ్యి రూపాయల తేడా కంటే పెద్ద విషయం. డబ్బు వైపు చూస్తే 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. సికింద్రాబాద్ నుంచి కొండాపూర్ వెళ్ళే 10హెచ్, కోఠి నుంచి కొండాపూర్ వెళ్ళే 127కె లాంటి రూట్ల పక్కన ఉంటే బిల్లులో ప్రయాణం గడి దాదాపు సున్నా. కానీ ఆ పథకం తెలంగాణ వాసులకు, గుర్తింపు కార్డు చూపించాలి. విజయవాడ అడ్రసుతో ఆధార్ ఉన్న అమ్మాయికి, వరంగల్ అడ్రసు ఉన్న రూమ్మేట్‌కు ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు, వేర్వేరు బిల్లులు.

నీళ్ళ సంగతి కూడా ఈ బిల్లులో దాక్కునే ఉంటుంది. "మంజీరా ఉందా, బోరేనా" అని, అంటే నల్లా నీళ్ళు వస్తాయా బోరు నీళ్ళేనా అని, ఇల్లు చూసేటప్పుడు పెద్దవాళ్ళు అడుగుతారు, పిల్లలు వైఫై అడుగుతారు. పడమటి వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో ఎండాకాలం బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద పడటం మామూలు. అప్పుడు మెయింటెనెన్స్ పెరుగుతుంది. జనవరిలో చూసిన 14,000 ఏప్రిల్‌లో 14,000గా ఉండకపోవచ్చు.

ఆఫీసు పక్కన ఉండటమా, లైను పక్కన ఉండటమా

ఈ ఉద్యోగం ఎన్నాళ్ళు? అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇది. ఆఫీసు పక్కన ఇల్లు తీసుకోవడమంటే ఆ ఒక్క ఆఫీసు మీద పందెం కాయడం. కంపెనీ హైటెక్ సిటీ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మారినా, మనమే బేగంపేటలో వేరే ఉద్యోగం చూసుకున్నా, ఎక్కువ అద్దె కట్టి కొనుక్కున్న దగ్గరతనం ఒక్కసారిగా పోతుంది. లైను పక్కన, అందులోనూ రెండు లైన్లు కలిసే అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకు ఏ ఉద్యోగానికైనా రోజూ కొంచెం ఎక్కువ టైము పడుతుంది, కానీ ఉద్యోగం మారితే ఇల్లు మారక్కర్లేదు. భార్యాభర్తలిద్దరివీ, లేదా రూమ్మేట్లిద్దరివీ వేర్వేరు వైపు ఆఫీసులైతే ఈ రెండో పద్ధతి బలం ఇంకా పెరుగుతుంది.

అలాగని దగ్గరతనం వాదులు తెలివితక్కువవాళ్ళు కాదు. అద్దెకుండేవాళ్ళకు ఉన్న సుఖమే మారిపోగలగడం కదా, ఎప్పుడో మారే ఉద్యోగం కోసం ఇప్పటినుంచే రోజూ దారిలో శిక్ష ఎందుకు అంటారు వాళ్ళు. మారడానికి ఎంత ఖర్చవుతుందో తెలిస్తేనే దీనికి జవాబు దొరుకుతుంది. హైదరాబాద్‌లో అడ్వాన్స్ సాధారణంగా రెండు నెలల అద్దె, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అందులోంచి ఒక నెల అద్దె కోసుకోవడం చాలా చోట్ల ఆనవాయితీ. బ్రోకర్ ఉంటే వాడికో నెలో, సగం నెలో. సామాన్ల ట్రాలీ ఆటో, కూలీ. వాటాకు 14,000 కట్టే మనిషి ఒకసారి మారేసరికి 20,000 దాకా అవుతుందనుకుంటే, ఏడాది ఉంటే అది నెలకు దాదాపు 1,700, మూడేళ్ళుంటే 600 కూడా కాదు. ఏడాదికోసారి ఉద్యోగం మారేవాళ్ళకు ఈ 1,700 కూడా అద్దెలో కలిపి చూడాల్సిన అంకె.

అగ్రిమెంట్ 11 నెలలకే రాయడానికి కారణం కూడా చట్టంలో ఉంది. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటిన లీజులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చు, తిరుగుడు లేకుండా ఉండటానికి 11 దగ్గర ఆపడం అలవాటైంది; తెలుగు రాష్ట్రాల్లో 1999 సవరణ తర్వాత చట్టం ఏ లీజుకైనా రిజిస్ట్రేషన్ అడుగుతున్నా ఆ అలవాటు పోలేదు. ఆ 11 నెలలూ అయ్యాక ఓనరు అద్దె పెంచుతాడు, మనం బేరమాడతాం.

ఆ బేరంలో ఈ మధ్య తరచూ వినిపించే మాట "ఇక్కడికి మెట్రో వస్తోంది". రెండో దశ ప్రతిపాదనల్లో రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్‌కు, మియాపూర్ నుంచి పటాన్‌చెరుకు, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్‌కు, విమానాశ్రయానికి లైన్లు ఉన్నాయి, 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం వాటిని కేంద్రానికి పంపింది. ఫ్లాట్ కొనేవాళ్ళకు ఈ వార్త విలువైనదే, పదేళ్ళ తర్వాతి ధర కూడా వాళ్ళదే కాబట్టి. మొదటి దశకు 2017 నవంబరులో మొదటి రైలు కదిలితే, బ్లూ లైన్ రాయదుర్గం చేరడానికి 2019 నవంబరు దాకా, గ్రీన్ లైన్ (జేబీఎస్-ఎంజీబీఎస్) తెరవడానికి 2020 ఫిబ్రవరి దాకా పట్టింది. 11 నెలల అగ్రిమెంట్ చేతిలో ఉన్నవాళ్ళు ఆ స్టేషన్‌కు ఈ నెల నుంచే వాటా కట్టక్కర్లేదు. ఓనరు ఆ మాట ఎత్తితే, రైలొచ్చిన నెలలోనే పెంచండి అంకుల్ అనొచ్చు.